ఏ యాంటీబాడీకి ఏ రిట్రీవల్? గుంటూరు ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

మా ల్యాబ్ గుంటూరు కొత్తపేటలో ఉంది. చుట్టూ ఆస్పత్రులే కాబట్టి బయాప్సీలకు కొదవ లేదు. తెనాలి, నరసరావుపేట, సత్తెనపల్లి, బాపట్ల నుంచి కూడా సీసాలు వస్తుంటాయి. ఇన్నాళ్లూ కణాల ఆకారం చూపే మామూలు రంగు, అంటే హెచ్ అండ్ ఈ స్టెయిన్ వరకు మేం చేసి, ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే యాంటీబాడీలతో టిష్యూలోని ఒక్కో ప్రోటీన్‌ను రంగుతో చూపే పరీక్ష) కావాల్సిన బ్లాకుల్ని, అంటే టిష్యూను మైనంలో పోతపోసిన దిమ్మల్ని, హైదరాబాద్ పంపేవాళ్లం. రొమ్ములో గడ్డ క్యాన్సరే అని తేలాక ఈఆర్, పీఆర్ (రెండూ హార్మోన్ రిసెప్టర్లు), హెర్2 (కణం పొర మీది ప్రోటీన్) రిపోర్టు వస్తే తప్ప ఏ మందు ఇవ్వాలో డాక్టరు ఖాయం చేయలేరు. ఆ రిపోర్టు కోసం పేషెంటు ఇంటివాళ్లు రోజూ ఫోన్ చేస్తారు. "ఇంకా రాలేదమ్మా" అని చెప్పడం మా రిసెప్షన్‌లో ఎవరికీ ఇష్టం ఉండదు. ఈ ఏడాది ఐహెచ్‌సీ ఇక్కడే మొదలుపెట్టాలని మా పాథాలజిస్టు మేడమ్ నిర్ణయించారు. బెంచి పని నాదీ, కిందటేడు చేరిన తమ్ముడిదీ.

ఆటోమేటిక్ స్టెయినర్ అంటే లక్షల మాట. ప్రస్తుతానికి అంతా చేత్తోనే. యాంటీబాడీల జాబితా ఒక పూటలో తేలిపోయింది: ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ67 (విభజన చెందే కణాలకు), పాన్ సైటోకెరటిన్ (ఎపిథీలియల్ కణాలకు), సీడీ3 (టీ కణాలకు), సీడీ20 (బీ కణాలకు), ఎస్100 (నరాల కణాలు, మెలనోమా లాంటివాటికి). రిట్రీవల్ అంటే యాంటీబాడీ వేసేముందు, టిష్యూలో మూసుకుపోయిన ప్రోటీన్‌ను తెరిచే పద్ధతి. దేనికి ఏ రిట్రీవల్ అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. యాంటీబాడీ సీసాతో వచ్చే కాగితంలో ఒక పద్ధతి రాసే ఉంటుంది. కానీ అది కంపెనీవాళ్ల టిష్యూ మీద, వాళ్ల ఫిక్సేషన్‌తో (టిష్యూ చెడకుండా ఫార్మలిన్‌లో నిలబెట్టడం), వాళ్ల మెషీన్‌లో తేల్చింది. మన బ్లాకు మీద కూడా పనిచేయచ్చు. చేస్తుందో లేదో మన స్లయిడ్ మీద చూసుకున్నాకే ఆ గడి నింపాలని నేను పట్టుబట్టాను. మేడమ్ సరేనన్నారు.

రిట్రీవల్ అసలెందుకో తమ్ముడికి మొదటిరోజే చెప్పాను. ఫార్మలిన్‌లో పడ్డ టిష్యూలో ఫార్మాల్డిహైడ్ ఒక ప్రోటీన్‌కీ పక్క ప్రోటీన్‌కీ మధ్య మిథిలీన్ వంతెనలు కడుతుంది. కణం కుళ్లకుండా, ఆకారం చెడకుండా నిలబడేది వాటివల్లే. కానీ యాంటీబాడీ వచ్చి పట్టుకోవాల్సిన చోటు, అంటే ఎపిటోప్, ఆ వంతెనల మరుగున పడిపోతుంది. ఎపిటోప్ ఉంటుంది, యాంటీబాడీ వేస్తాం, రెండూ కలవవు. స్లయిడ్ ఖాళీగా కనిపిస్తుంది. ఈఆర్ ఉన్న ఆవిడకు లేదని రిపోర్టు వెళితే, ఏళ్ల తరబడి ఆవిడను కాపాడగలిగే హార్మోన్ మాత్ర ఆవిడకు అందదు. మా బెంచి మీద జరిగే పనుల్లో నాకు అన్నిటికంటే భయం పుట్టించేది ఇదే.

ఆ మరుగు తొలగించడానికి రెండు దారులు. ఒకటి ట్రిప్సిన్, పెప్సిన్ లాంటి ఎంజైములు. 1970ల నుంచి వాడుకలో ఉన్నవి ఇవే. రెండోది వేడి. ఫార్మాల్డిహైడ్‌కీ ప్రోటీన్‌కీ మధ్య జరిగే చర్యను ఎక్కువ వేడితో వెనక్కి మళ్లించవచ్చని 1940ల్లోనే ఫ్రేంకెల్ కాన్రాట్, ఆయన సహచరులు రసాయన ప్రయోగాల్లో చూపించారు. ఆ పాత పేపర్లను పట్టుకుని 1991లో షాన్ రాంగ్ షీ, కీ, కల్రా అనే ముగ్గురు పారఫిన్ సెక్షన్లను (మైనం బ్లాకు నుంచి కోసిన పలచటి పొరలను) మైక్రోవేవ్‌లో మరిగించి చూశారు. అప్పటిదాకా పారఫిన్ మీద పనిచేయవు అనుకున్న యాంటీబాడీలు ఎన్నో పనిచేశాయి. మొదట్లో వాడిన ద్రావణాల్లో సీసం లాంటి భారలోహాల లవణాలు ఉండేవి. తరవాత సిట్రేట్ వచ్చి వాటి అవసరం లేకుండా చేసింది. వేడి సరిగ్గా ఏం చేస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వంతెనలు తెగడం ఒకటి, ప్రోటీన్‌కి అంటుకున్న కాల్షియంను సిట్రేట్, ఈడీటీఏ అనే రసాయనాలు లాగేయడం ఇంకొకటి అంటారు.

మార్చి

ముందు కంట్రోల్ బ్లాకు. రిట్రీవల్ పోల్చి చూడాలంటే ప్రతి స్లయిడ్ మీదా ఒకే టిష్యూ ఉండాలి. రిపోర్టు అయిపోయి మిగిలిన టిష్యూలోంచి, 24 గంటలు సరైన ఫార్మలిన్‌లో ఉన్నవాటిని ఏరి, టాన్సిల్, అపెండిక్స్, సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం), లివర్ చిన్న చిన్న ముక్కలుగా ఒకే కాసెట్‌లో పక్కపక్కన పెట్టి ఎంబెడ్ చేశాం. ఒక సెక్షన్ కోస్తే నాలుగూ కనిపిస్తాయి.

ఈ నాలుగింటినే ఎందుకు ఎంచుకున్నామంటే, గట్టిగా పాజిటివ్ వచ్చే టిష్యూ మీద ఏ రిట్రీవల్ అయినా బాగానే కనిపిస్తుంది. తేడా తెలిసేది యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్) తక్కువగా ఉన్నచోటే. సర్విక్స్‌లో ఈఆర్ దండిగా ఉంటుంది, అక్కడ పాసవడం గొప్ప కాదు. టాన్సిల్‌లో జెర్మినల్ సెంటర్లలో (బీ కణాలు గుంపుగా పెరిగే చోట్లలో) అక్కడక్కడా ఉండే కొన్ని కణాల్లో, పైపొర స్క్వేమస్ కణాల్లో కొన్నింట్లో మాత్రమే ఈఆర్ సన్నగా ఉంటుంది. చుట్టూ ఉన్న బీ కణాల్లో ఉండదు. ఆ సన్నటి రంగు కనిపించాలి, బీ కణాలు నీలంగానే (యాంటీబాడీ పట్టని కణాల రంగు) మిగలాలి. సైటోకెరటిన్‌కి లివర్ కూడా అలాంటిదే. అపెండిక్స్ లోపొర నల్లగా పట్టేస్తుంది, కానీ హెపటోసైట్ల (లివర్ కణాల) అంచుల వెంట గీత కనిపించిందా లేదా అన్నదే అసలు పరీక్ష. కొత్తగా ఐహెచ్‌సీ పెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే: మెషీన్ తరవాత చూడచ్చు, ముందు ఇలాంటి బ్లాకు ఒకటి చేసుకోండి.

సెక్షన్ మందం 3 నుంచి 4 మైక్రాన్లు. మామూలు స్లయిడ్లు వద్దు, పాజిటివ్ చార్జ్ ఉన్నవే. మరిగే బఫర్‌లో మామూలు స్లయిడ్ మీద సెక్షన్ నిలవదు.

మార్చి చివర: వేడి దేంతో?

మైక్రోవేవ్, వాటర్ బాత్, కుక్కర్. ఈ మూడూ మా దగ్గర ఉన్నాయి కాబట్టి మూడింటితోనూ చేసి చూశాం.

ఇళ్లలో వాడే మైక్రోవేవ్‌లో వేడి అంతటా ఒకేలా ఉండదు. జార్‌లో ఈ చివర స్లయిడ్ ఒకలా, ఆ చివర స్లయిడ్ ఒకలా వచ్చాయి. పైగా బఫర్ ఉడికి పొంగుతుంది, మట్టం తగ్గుతుంది. సెక్షన్ పైభాగం గాలికి తేలితే ఆ స్లయిడ్ పనికిరాదు. అయిదేసి నిమిషాలకు ఆపి, వేడి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. ఖాళీ గళ్లలో ఉత్త స్లయిడ్లు పెట్టి ప్రతిసారీ ఒకే సంఖ్య ఉండేలా చూస్తే కొంత మెరుగు. అయినా ప్రతిసారీ దగ్గర నిలబడి కాపలా కాయాల్సిన పద్ధతి రోజువారీ పనికి కుదరదు.

వాటర్ బాత్ 95 నుంచి 98 డిగ్రీల దగ్గర 20 నుంచి 40 నిమిషాలు. ఇందులో బఫర్ కుతకుతలాడదు. అందుకే సెక్షన్‌కి దెబ్బ తగలదు. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ము టిష్యూకి, కాల్షియం తీసేసిన ఎముకకి ఇదే నయం. ఒక్కటి జాగ్రత్త: బాత్ డిస్‌ప్లేలో 98 చూపిస్తున్నంత మాత్రాన జార్ లోపల బఫర్ 98 ఉన్నట్టు కాదు. థర్మామీటర్ జార్‌లోనే ముంచి చూడాలి. మా దగ్గర రెండింటికీ తేడా గట్టిగానే ఉంది.

చివరికి రోజువారీకి కుక్కర్ ఖాయమైంది. స్టీలు కుక్కర్, ఇండక్షన్ స్టవ్, వేడికి తట్టుకునే ప్లాస్టిక్ ర్యాక్. కుక్కర్ మీద పర్మనెంట్ మార్కర్‌తో "ల్యాబ్" అని పెద్దగా రాసి, ప్యాంట్రీ వైపు పోకుండా ఐహెచ్‌సీ గదిలోనే పెట్టాం. 15 పీఎస్ఐ ప్రెషర్ దగ్గర నీళ్లు దాదాపు 121 డిగ్రీల్లో మరుగుతాయి. బాత్‌లో అరగంట పట్టే పని ఇందులో ఫుల్ ప్రెషర్ వచ్చాక 3 నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మూత లేకుండా మరిగిస్తే ఊరి ఎత్తును బట్టి వేడి మారుతుంది. గుంటూరు దాదాపు సముద్రమట్టానికే ఉంది కాబట్టి ఇక్కడ 100 డిగ్రీలకి మరుగుతుంది, బెంగళూరులో అయితే 97 దగ్గరే. వేరే ఊరి ల్యాబ్ ఇచ్చిన ప్రొటోకాల్ చూసేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

ముందు బఫర్ బాగా మరగాలి, మరిగాకే ర్యాక్ దించాలి. చల్లటి బఫర్‌లో స్లయిడ్లు పెట్టి వేడి చేస్తే ప్రెషర్ వచ్చేదాకా పట్టే సమయం రోజుకోలా ఉంటుంది, ఆ సమయమంతా రిట్రీవల్ కిందికే వస్తుంది. రోజుకో ఫలితం వస్తుంది.

"అన్నా, విజిల్ వచ్చింది, కట్టేయనా?"

"విజిల్‌తో మనకి పనిలేదు తమ్ముడూ. వెయిట్ లేచిన దగ్గర్నుంచి టైమర్ చూడు."

"ఇంట్లో అమ్మ మూడు విజిల్స్ అంటదన్నా."

"అది పప్పుకి. ఇక్కడ సెకన్లు కూడా రాయాలి."

రాస్తున్నాడు కూడా. ప్రెషర్ వచ్చిన సమయం, కట్టేసిన సమయం, మూత తీసిన సమయం ప్రతి రన్‌కీ రిజిస్టర్‌లో ఉంటున్నాయి. ప్రెషర్ దిగాక మూత తీసి, స్లయిడ్లను అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వాలి. వేడివేడిగా బయటికి తీస్తే సెక్షన్ అక్కడికక్కడే ఆరిపోతుంది. ఆరిన అంచుల వెంట డ్యాబ్ రంగు (యాంటీబాడీ పట్టినచోట తేలే గోధుమరంగు) ఊరికే పట్టేస్తుంది, మేడమ్‌కి అది పాజిటివ్‌లా కనిపించే ప్రమాదం ఉంది.

ఏప్రిల్: బఫర్లు, పీహెచ్

రెండే బఫర్లు పెట్టుకున్నాం. మొదటిది సిట్రేట్, పీహెచ్ 6.0. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పీహెచ్ దించుకోవాలి. రెండోది ట్రిస్ ఈడీటీఏ, పీహెచ్ 9.0. లీటరుకి ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 0.37 గ్రాములు. రెండింట్లోనూ ట్వీన్ 20 (ఒక డిటర్జెంట్) అర మిల్లీలీటరు. కొంతమంది ఈడీటీఏ ఒక్కటే పీహెచ్ 8.0 దగ్గర వాడతారు. మేం దాన్ని పక్కన పెట్టాం. బఫర్లు ఎక్కువైతే బెంచి మీద తారుమారు అయ్యే అవకాశమూ ఎక్కువే.

బోరు నీళ్లు దీనిలో అస్సలు పోయకూడదు. మా వీధి నీళ్లతో కడిగిన గాజు పాత్ర ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి. ఆ కాల్షియంను పట్టుకోవడానికే ఈడీటీఏ ఖర్చయిపోతే టిష్యూలో పని చేయడానికి ఏం మిగులుతుంది?

ఈ నెలలో నాకు బాగా పనికొచ్చిన విషయం ట్రిస్ స్వభావం. ట్రిస్ బఫర్ పీహెచ్ వేడిని బట్టి మారుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 0.03 తగ్గుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 9.0కి సరిచేసిన బఫర్, ఏసీ లేని గదిలో 35 డిగ్రీల దగ్గర చూస్తే 8.7 చూపిస్తుంది. ఎవరో ఒకరు "పీహెచ్ తగ్గింది" అని మళ్లీ ఆల్కలీ కలిపితే అసలు ఫార్ములానే మారిపోతుంది. అందుకని ట్రిస్ బఫర్ ఏసీ గదిలోనే చేయాలి, అక్కడే కొలవాలి, మీటర్‌ను 7, 10 స్టాండర్డ్లతో ఆ పూటే సరిచూసుకోవాలి. సీసా మీద పీహెచ్ పక్కన కొలిచినప్పటి ఉష్ణోగ్రత కూడా రాయాలి. సిట్రేట్‌కి ఈ బెడద పెద్దగా లేదు.

ఇక పోలిక. ప్రతి యాంటీబాడీకీ ఒకే సెట్: రిట్రీవల్ లేకుండా ఒక స్లయిడ్, సిట్రేట్‌లో తక్కువ సేపు, ఎక్కువ సేపు, ట్రిస్ ఈడీటీఏలో తక్కువ సేపు, ఎక్కువ సేపు, ఎంజైముతో ఒకటి. యాంటీబాడీ పలుచన, ఇంక్యుబేషన్ సమయం, డ్యాబ్ సమయం అన్నింటికీ ఒకటే. రిట్రీవల్, పలుచన రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. పీహెచ్, వేడి, సమయం ఇలా గళ్లుగా గీసి చూడమని చెప్పింది కూడా షీ బృందమే. దాన్ని టెస్ట్ బ్యాటరీ అంటారు.

ప్రతి సెట్‌తో పాటు ప్రైమరీ యాంటీబాడీ వేయని స్లయిడ్ కూడా నడిపాం, అదీ ప్రతి రిట్రీవల్‌కీ విడివిడిగా. వేడి చేస్తే లివర్, కిడ్నీల్లో సహజంగా ఉండే బయోటిన్ కూడా బయటపడుతుంది. బయోటిన్ మీద ఆధారపడే డిటెక్షన్ కిట్ వాడితే లివర్ అంతా గోధుమరంగు చుక్కలే. రిట్రీవల్ చేయని నెగటివ్ కంట్రోల్‌లో ఇది కనిపించదు, అందుకని అక్కడ నమ్మకం కుదిరి ఇక్కడ తప్పిపోతాం. మేం బయోటిన్ లేని పాలిమర్ కిట్ తీసుకున్నది ఇందుకే.

మే: స్లయిడ్ల ముందు మేడమ్‌తో

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. పారఫిన్ బ్లాకులు మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం) దగ్గరికి వచ్చేలోపే మెత్తబడుతున్నాయి, ఐస్ ట్రే మీద పెట్టి కోస్తున్నాం. కిట్ కాగితంలో రూమ్ టెంపరేచర్ అంటే 20 నుంచి 25 డిగ్రీలు. కరెంటు పోయి ఏసీ ఆగిన రోజు ఐహెచ్‌సీ రన్ పెట్టకూడదని రాసిపెట్టుకున్నాం.

మేడమ్ ఏ స్లయిడ్‌కి ఏ రిట్రీవల్ వాడామో తెలియకుండా చూడాలన్నారు. అందుకని స్లయిడ్ల మీద అంకెలు మాత్రమే వేశాం, జాబితా నా దగ్గర.

ఈఆర్ మొదట. రిట్రీవల్ లేని స్లయిడ్ దాదాపు ఖాళీ. సిట్రేట్ స్లయిడ్‌లో సర్విక్స్ కేంద్రకాలు ముదురు గోధుమరంగులో ఉన్నాయి, ఎవరు చూసినా బాగుందంటారు. మేడమ్ స్టేజ్ జరిపి టాన్సిల్ దగ్గరికి వచ్చారు. జెర్మినల్ సెంటర్‌లో వెతికారు. "ఇక్కడ ఏమీ లేదు కదా" అన్నారు. ట్రిస్ ఈడీటీఏ స్లయిడ్ పెట్టాక ఫోకస్ అటూ ఇటూ తిప్పి, ఒక్కొక్కటిగా వేలితో చూపించారు. నీలంగా ఉన్న బీ కణాల మధ్య లేత గోధుమరంగు కేంద్రకాలు అక్కడక్కడా. ఎక్కువసేపు ఉంచిన స్లయిడ్‌లో ఇంకాస్త స్పష్టంగా. బీ కణాలు మాత్రం శుభ్రంగా నీలమే. జాబితా తీసి చదివాను.

ఆ లేత రంగు కోసం ఎందుకు ఇంత తాపత్రయం అంటే, అమెరికా ఆంకాలజీ సొసైటీ, పాథాలజిస్టుల కాలేజీల 2020 మార్గదర్శకాల ప్రకారం కణితి కణాల్లో 1 శాతం కేంద్రకాలు పట్టినా ఈఆర్ పాజిటివే. 1 నుంచి 10 శాతం మధ్య అయితే లో పాజిటివ్ అని విడిగా రాయాలి. సిట్రేట్‌లో ఖాళీగా కనిపించే టిష్యూ ఎవరో ఒకావిడది అయి ఉండచ్చు.

పీఆర్ కూడా ట్రిస్ ఈడీటీఏలోనే మెరుగు. కేఐ67 రెండింట్లోనూ వచ్చింది. కేఐ67 యాంటీబాడీల్లో ఎంఐబీ1 అనే క్లోన్ (రకం) పేరు తెచ్చుకున్నదే సిట్రేట్‌తో. అయినా జెర్మినల్ సెంటర్ గీసినట్టు కనిపించింది ట్రిస్ ఈడీటీఏలో. సీడీ3ది అదే వరస. సీడీ20కి, ఎస్100కి తేడా పెద్దగా లేదు, దేంట్లో పెట్టినా వస్తున్నాయి.

పాన్ సైటోకెరటిన్ దగ్గర నాకు, మేడమ్‌కి వాదన జరిగింది. మేడమ్ చదువుకున్న రోజుల్లో సైటోకెరటిన్ అంటే ట్రిప్సిన్. "ఎంజైముతోనే బాగుండేది" అన్నారు. ఎంజైము స్లయిడ్‌లో అపెండిక్స్ చూస్తే నిజంగానే బాగుంది. అదే స్లయిడ్‌లో లివర్ ఖాళీ. ట్రిస్ ఈడీటీఏ స్లయిడ్‌లో హెపటోసైట్ల అంచులు సన్నటి గీతల్లా తేలాయి. లివర్ చూశాక మేడమ్ "సరే, మార్చేయండి" అన్నారు. సైటోకెరటిన్ తక్కువగా ఉండే కణితులు, అంటే కొన్ని చిన్నకణాల క్యాన్సర్లు, కిడ్నీ క్యాన్సర్లు, లివర్ ఖాళీగా ఉన్న ప్రొటోకాల్‌తో తప్పిపోతాయి.

ఎంజైమును అలాగని పారేయలేదు. కొన్ని యాంటీబాడీలు ఎంజైముతోనే పలుకుతాయి. పారఫిన్ కిడ్నీ బయాప్సీల మీద ఇమ్యునోఫ్లోరిసెన్స్ (మెరిసే రంగుతో చూసే పరీక్ష) చేయాలంటే ప్రొనేస్ అనే ఎంజైము కావాలి. కానీ దాంతో సమయం చాలా ఇరుకు. 37 డిగ్రీల దగ్గర తక్కువసేపు ఉంచితే ఏమీ రాదు, ఇంకాస్త ఉంచితే కేంద్రకాల అంచులు కరిగి టిష్యూలో చిల్లులు పడతాయి. లాట్ మారితే బలం మారుతుంది. చిన్న వయల్స్‌గా విడగొట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకుండా వాడుతున్నాం.

జూన్: ఊళ్ల నుంచి వచ్చే సీసాలు

కంట్రోల్ బ్లాకు మీద అంతా కుదిరింది. అసలు బ్లాకుల మీదికి వచ్చేసరికి అసలు సమస్య బయటపడింది.

ఒక బ్లాకు. రొమ్ము గడ్డ. ఈఆర్ స్లయిడ్‌లో అంచు చుట్టూ ముదురు రంగు, లోపలికి పోయేకొద్దీ పలచన, మధ్యలో ఖాళీ. కణితి అంచు దగ్గరా మధ్యలోనూ ఒకటే, హెచ్ అండ్ ఈలో తేడా ఏమీ లేదు. ఇది ఫిక్సేషన్ తేడా. తీసిన రొమ్మును కోయకుండా అలాగే, చిన్న సీసాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోసి పంపారు. ఫార్మలిన్ టిష్యూలోకి గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున మెల్లగా ఇంకుతుంది, వంతెనలు కట్టడానికి ఇంకా సమయం కావాలి. లోపలిదాకా చేరేలోపు టిష్యూ చెడడం మొదలైపోయింది. ఆ మధ్యభాగం ఆ తరవాత ప్రాసెసింగ్‌లో ఆల్కహాల్ వల్ల గట్టిపడింది. అది ఫార్మలిన్ ఫిక్సేషన్‌లా కనిపిస్తుంది, కానీ కాదు.

దాన్ని సరిచేద్దామని రిట్రీవల్ సమయం పెంచి చూశాం. మధ్యభాగం రాలేదు సరికదా, సెక్షన్ మధ్యలో లేచిపోయి తేలింది. రిట్రీవల్‌తో ఫార్మలిన్ మూసేసినదాన్ని తెరవచ్చు. ఫార్మలిన్ అందకముందే పోయినదాన్ని వెనక్కి తేలేం. మేడమ్ రిపోర్టులో బాగా ఫిక్స్ అయిన అంచు భాగంలో మాత్రమే చదివి, ఆ సంగతి రాసి పంపారు.

ఇంకో వైపు, పండగ సెలవులకు ముందు ఆపరేషన్ అయి, సెలవుల తరవాత మా దగ్గరికి వచ్చే సీసాలు. రోజుల తరబడి ఫార్మలిన్‌లోనే. వంతెనలు మరీ ఎక్కువ. వీటికి ట్రిస్ ఈడీటీఏలో కాస్త ఎక్కువసేపు కావాలి. బియ్యంతో పోల్చి తమ్ముడికి చెప్తే వెంటనే అర్థమైంది: కొత్త బియ్యం కాస్త ఎక్కువ ఉడికితే ముద్దయిపోతుంది, పాత బియ్యం అదే సమయంలో పలుకుగానే ఉంటుంది. ఏ బియ్యమో తెలియకుండా కుక్కర్ పెట్టలేం కదా.

ఏ బియ్యమో తెలియాలంటే సీసా పంపేవాళ్లు చెప్పాలి. టిష్యూ బయటికి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటల మధ్య అందులో ఉండాలి అన్నది రొమ్ము క్యాన్సర్ మార్కర్లకు అమెరికా ఆంకాలజీ సొసైటీ, పాథాలజిస్టుల కాలేజీ కలిసి పెట్టిన నియమం. మా రిక్వెస్ట్ ఫారంలో రెండు గడులు చేర్చాం: టిష్యూ తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం. ఫారంలు ఇవ్వడంతో సరిపెట్టలేదు. వెడల్పు మూతి ఉన్న డబ్బాల్లో ఫార్మలిన్ మేమే పోసి పంపుతున్నాం. లీటరుకి 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఫాస్ఫేట్ వేయకుండా ఉత్త కుళాయి నీళ్లతో కలిపిన ఫార్మలిన్ ఆమ్లంగా మారి టిష్యూలో నల్లటి పిగ్మెంట్ వదులుతుంది, డ్యాబ్ పక్కన అది ఇంకో తలనొప్పి. టిష్యూకి పదింతల ఫార్మలిన్ పడేలా డబ్బా మీద గీత గీశాం. రొమ్ము మొత్తం తీసినప్పుడు ఆపరేషన్ థియేటర్లోనే కణితి మీదుగా ఒక కోత పెట్టి ఫార్మలిన్‌లో వేయమని మేడమ్ ఒక్కో సర్జన్ గారికి స్వయంగా ఫోన్ చేసి అడిగారు. ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురికి మార్జిన్లు (కోత అంచులు) చెడతాయేమోనని అనుమానం. వాళ్ల దగ్గరికి మా బాయ్ వెళ్లి వెంటనే తెచ్చేస్తాడు, మేమే కోస్తాం.

నా లెక్కలో ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఈ డబ్బాలే. కుక్కర్‌ది వీటి తరవాతి స్థానమే.

జులై: వానలు, లేచిపోతున్న సెక్షన్లు

వానాకాలం మొదలయ్యాక సెక్షన్లు లేచిపోవడం ఎక్కువైంది. ముఖ్యంగా కొవ్వున్న రొమ్ము. గాలిలో తేమ వల్ల స్లయిడ్ పైకి ఆరినట్టు కనిపించినా సెక్షన్ కింద నీటి పొర మిగిలిపోతోంది. మరిగే బఫర్‌లో ఆ నీరు ఆవిరై సెక్షన్‌ను లేపేస్తుంది. ఫ్లోటింగ్ బాత్ నుంచి తీశాక స్లయిడ్లను నిలబెట్టి నీళ్లు పూర్తిగా ఓడ్చి, 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచి, పొద్దున 60 డిగ్రీల్లో గంట బేక్ చేస్తున్నాం. దాంతో బాగా తగ్గింది. తగ్గనివాటికి వాటర్ బాత్ రిట్రీవల్.

ఎముక సంగతి వేరే. కాల్షియం తీయడానికి యాసిడ్ వాడిన బ్లాకులో యాంటిజెన్ సగం అక్కడే పోతుంది, మిగిలిన సెక్షన్ కుక్కర్‌కి ఆగదు. వాటికి ట్రిస్ ఈడీటీఏలో 60 నుంచి 70 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచే పద్ధతి పెట్టాం. ఫలితం పొద్దున్నే చేతికొస్తుంది, సెక్షన్ నిలుస్తుంది. బోన్ మారో వస్తే మాత్రం ఈడీటీఏతోనే కాల్షియం తీయమని మేడమ్ గట్టిగా చెప్పారు. రోజులు పట్టినా సరే.

ఆగస్టు: ఇప్పుడెక్కడున్నాం

హెర్2 మీద మేం ప్రయోగాలు చేయలేదు, చేయం. ఈఆర్‌లో తక్కువ రిట్రీవల్ వల్ల నెగటివ్ వస్తుందని భయం. హెర్2లో దానితో పాటు ఎక్కువ రిట్రీవల్ వల్ల రొమ్ములోని మామూలు పాల నాళాల కణాలకు కూడా పొర చుట్టూ రంగు పట్టి, 0 నుంచి 3+ దాకా వేసే స్కోరులో 1+ కాస్తా 2+ అయిపోతుందని భయం. స్కోరు మారితే ఖరీదైన మందు అవసరం లేనివాళ్లకు వెళుతుంది, లేదా కావాల్సినవాళ్లకు ఆగిపోతుంది. అందుకని హెర్2కి కిట్‌తో వచ్చిన రిట్రీవల్ బఫర్, అందులో రాసిన వేడి, అందులో రాసిన సమయం, అక్షరం మార్చకుండా. ప్రతి స్లయిడ్‌లోనూ మామూలు నాళం ఒకటి కనిపించాలి, అది రంగు లేకుండా ఉంటేనే కణితి స్కోరు చదవాలి.

మిగతావాటికి గడులు నిండాయి. ఈఆర్, పీఆర్, కేఐ67, సీడీ3, సైటోకెరటిన్‌లకు ట్రిస్ ఈడీటీఏ 9.0, కుక్కర్. సీడీ20, ఎస్100 కూడా అందులోనే పెట్టేస్తున్నాం. విడిగా సిట్రేట్ రన్ పెడితే రోజులో ఇంకో కుక్కర్ విడత అవుతుంది, తేడా లేనప్పుడు అదెందుకు? సిట్రేట్ బఫర్ మాత్రం షెల్ఫ్‌లో ఉంచాం. కొత్త యాంటీబాడీ ఏది వచ్చినా మళ్లీ ఆ గళ్ల పట్టికలో పెట్టి చూడాల్సిందే. పాతదే కొత్త క్లోన్‌గా వచ్చినా అంతే. ఎపిటోప్ వేరైతే దానికి పనికొచ్చే బఫర్ కూడా వేరవ్వచ్చు.

ఇప్పుడు పోలిక పని నడుస్తోంది. ఇదివరకు బయట రిపోర్టు అయిన పాత బ్లాకుల్ని మా ప్రొటోకాల్‌తో మళ్లీ స్టెయిన్ చేసి సరిచూస్తున్నాం. చికిత్సను నిర్ణయించే మార్కర్లకు కనీసం 20 పాజిటివ్, 20 నెగటివ్ కేసులు, మిగతావాటికి 10, 10. 90 శాతం కలవాలి. కలవనివాటిని పక్కన పడేయకుండా, ఫిక్సేషన్ సమయం తెలిసినంత మేరకు వెతికి పక్కన రాస్తున్నాం. లో పాజిటివ్ కేసులు ఇందులో తప్పకుండా ఉండాలని నేను అడిగాను. గట్టి పాజిటివ్‌లు మాత్రమే పెడితే ఏ ప్రొటోకాల్ అయినా పాసైపోతుంది. అవి దొరకడం కష్టంగా ఉంది, మేడమ్ పాత రిజిస్టర్లు తిరగేస్తున్నారు.

సైటోకెరటిన్, సీడీ3, సీడీ20 రిపోర్టులు వచ్చే నెల నుంచి ఇక్కడే ఇస్తాం. ఈఆర్, పీఆర్ పోలిక పూర్తయ్యాక. హెర్2 కోటా నిండేదాకా ఆ బ్లాకులు హైదరాబాద్ బస్సెక్కుతూనే ఉంటాయి.